కంది విత్తనం సంచి ఎవరింట దిగింది?

సంపాదకుల వారికి,

పోయిన వారం మీ జిల్లా పేజీలో చేవెళ్ల వైపు ఒక ఊళ్లో కొత్త రకం కంది విత్తనాలు పంచిన ఫొటో వేశారు. స్టేజీ మీద పన్నెండు మంది, చేతుల్లో నాలుగు సంచులు. సంచికి ముగ్గురు చేతులు వేస్తే గానీ ఫొటో కుదిరినట్టు లేదు. ఆ సంచులు తర్వాత ఎవరింట్లో దిగాయో మీ విలేకరి రాయలేదు. మాది ఆ ఊరే. అందుకని నాలుగు రోజులు ఆగి, బీపీ కాస్త తగ్గాక ఇది రాస్తున్నాను.

నేను ఉద్యోగానికని పట్నం వచ్చి అత్తాపూర్‌లో స్థిరపడ్డాను. సేద్యం మా అన్న చూసుకుంటాడు. విత్తనం కోసం పాసుపుస్తకం జిరాక్సు, ఆధార్ జిరాక్సు పట్టుకుని మూడుసార్లు తిరిగాడు. మూడోసారి 'లిస్టు నిన్ననే పైకి పోయింది కదా కాకా' అన్నారట. ఆ లిస్టు చేసింది ఊళ్లో కమిటీ. అందులో ఒకాయన భూమిలో రెండేళ్ల కిందటే ప్లాట్ల వెంచర్ వేశారు. రోడ్లు, హద్దు కడీలు, గేటుకు తాటిచెట్టంత ఆర్చి. కాగితాల్లో మాత్రం ఇంకా సాగు భూమే. కాబట్టి ఆయన రైతు, ఆయనకో సంచి! కడీల మధ్య కంది సాళ్లు పోస్తారేమో మరి. ఇంకో సంచి కమిటీ సభ్యుడి బామ్మర్ది ఇంట్లో అటకెక్కింది. నిజంగా కంది వేసే కౌలు రైతులకు పాసుపుస్తకం లేదు గనుక అసలు పేరే లేదు. వాళ్లకు గుర్తింపు కార్డులివ్వాలని 2011లోనే చట్టం చేశారు. ఆ కార్డు మా ఊళ్లో ఎవరి జేబులోనూ నేను చూడలేదు.

నాలుగు సంచులకు ఇంత గోలా అంటారేమో. కందికి ఎండు తెగులు తెచ్చే బూజు నేలలోనే ఏళ్ల తరబడి ఉంటుంది. చెట్టు వాడిపోయాక ఏ మందు కొట్టినా లాభం లేదు, తట్టుకునే రకం వేసుకోవాల్సిందే. 1993లో మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ వాళ్ల 'ఆశ' రకం విడుదలైంది. ఎండు తెగులునూ, చెట్టుకు పూత రాకుండా చేసే వెర్రి తెగులునూ రెండింటినీ తట్టుకునే రకం. మా నాన్న పొరుగూరి రైతును అడిగి మానెడు తెచ్చుకున్నాడు. మూడో ఏటికి మా వాడకట్టులో అందరి చేలల్లో అదే. కమిటీ లేదు, స్టేజీ లేదు, శాలువా అసలే లేదు. బ్రాండు పేరు పెట్టకుండా రైతు తన విత్తనాన్ని దాచుకోవచ్చని, మార్చుకోవచ్చని, అమ్ముకోవచ్చని 2001లో వచ్చిన మొక్కల రకాలు, రైతు హక్కుల పరిరక్షణ చట్టం కూడా చెబుతోంది. ఈ ఏడు సంచి తీసుకున్నవాడు వచ్చే ఏడు రెండు సంచుల విత్తనం ఊరికి తిరిగివ్వాలని షరతు పెడితే ఎవరి సొమ్ము పోతుంది?

ఇంకోటి. కంది పూల మీద తేనెటీగలు తిరుగుతాయి, పక్క చేని పుప్పొడి అంటి రకం కలిసిపోతుంది. విత్తనానికి పెంచే చేను మిగతా కందికి దూరంగా ఉండాలి. అంటే లిస్టు రాసేటప్పుడు ఎవరి చేను ఎక్కడుందో చూడాలి గానీ ఎవరి బామ్మర్ది ఎవరో కాదు. అయినా ఊళ్లో కమిటీలంటే ఎప్పుడూ పైనుంచి పేర్లు దిగడమే. 2017లో జీవో 39తో ఊరికి 15 మంది చొప్పున రైతు సమన్వయ సమితులు వేసినప్పుడూ ఎన్నిక లేదు, నామినేషనే. గ్రామసభలో నలుగురి ముందు పేర్లు చదివితే నోరు పడిపోతుందా?

రాజేంద్రనగర్ వ్యవసాయ వర్సిటీ మా ఇంటికి దగ్గరే. తెలంగాణ సోనా వరి అక్కడ పుట్టిందే. మధుమేహం ఉన్నవాళ్లకు నయమని మా ఇంట్లో ఇప్పుడు ఆ బియ్యమే వండుతున్నారు. ఆ వర్సిటీ, ఉద్యాన వర్సిటీల భూముల్లోంచే హైకోర్టు కొత్త భవనానికి 100 ఎకరాలు తీసుకున్నారు. కోర్టు వద్దనను, కానీ కొత్త వంగడాలు చూసే నేల తప్ప పట్నంలో ఇంకెక్కడా జాగా దొరకలేదా అని మాత్రం ఆ దారిన పోయినప్పుడల్లా అనిపిస్తుంది.

మీకో చిన్న మనవి. కంది పూతకొచ్చేది దసరా దాటాక. మీ విలేకరిని అప్పుడు మళ్లీ మా ఊరికి పంపండి, ఆ నాలుగు సంచుల పంట ఫొటో కూడా వేయండి. దారి కష్టం కాదు. వెంచర్ ఆర్చి దగ్గర బస్సు దిగితే వాచ్‌మన్ చూపిస్తాడు.

— ఒక పాఠకుడు, అత్తాపూర్, హైదరాబాద్