బావా, బరంపురం పట్టుదారం కావాలి

పర్లాకిమిడి
ఆదివారం రాత్రి

ఒరేయ్ బావా,

మొన్న ఫోన్లో సగం చెప్పి పెట్టేశాను. మిగతాది రాస్తేనే కుదురుతుంది, ఫోన్లో అయితే నువ్వు రెండో మాటకే "ఎంతకి పోతుంది" అని అడుగుతావు. అమ్మడం సంగతి కూడా చెప్తాను, ముందు నాకు దొరికిన పాత చేపల వేట సామాను గురించి విను.

బస్టాండు దాటాక పాత ఇనుము కొట్టు ఉంది కదా, అక్కడ ఒక రేకు పెట్టె చూశాను. లోపల ఏదో పురుగుల మందు వాసన. కొట్టువాడు ఇత్తడి వస్తువొకటి చూపించి కిలో లెక్కన తూచబోయాడు. అది గాలం దారం చుట్టుకునే రీలు. దాని కింద కొక్కేన్ని బిగించి పట్టే ఒక చిన్న వైసు, కంసాలి శ్రావణం లాంటి బుల్లి పట్టకార్లు రెండు, పిడి విరిగిన దబ్బనం, కాగితం పొట్లాల్లో కొక్కేలు, ఒక చుట్ట పసుపు తీగ, అడుగున న్యూస్‌పేపర్లో చుట్టిన ఈకలు. పొట్లం మీద ఆల్‌కాక్, రెడ్డిచ్ అని చూడగానే నా గుండె ఆగినంత పనైంది. రెడ్డిచ్ ఇంగ్లండులో ఒకప్పుడు సూదులకి పేరుపడ్డ ఊరు, ఆల్‌కాక్ అక్కడి గాలం సామాను కంపెనీ. సన్నని తీగని సూదిగా తీర్చగలిగిన చేతులకి గాలం కొక్కెం చెయ్యడం ఎంతసేపు, అలా ఆ ఊరు కొక్కేలకి కూడా పెద్ద పేరు తెచ్చుకుంది.

ఫ్లై అంటే ఏంటని అడిగావు కదా. కొక్కేనికి ఈకలు, బొచ్చు, దారం చుట్టి పురుగులా కనబడేట్టు చేస్తారు, అదే ఎర. మనం గాలానికి సీసం గుండు కట్టి విసిరితే ఆ బరువు దారాన్ని లాక్కెళ్తుంది. ఫ్లైకి బరువే ఉండదు, కాబట్టి అక్కడ దారానికే బరువుంటుంది, ఆ దారాన్ని కొరడాలా వెనక్కీ ముందుకీ ఊపి వదిలితే పురుగు దాని వెంట వెళ్ళి నీటి మీద వాలుతుంది. పాత రోజుల్లో ఆ దారం అల్లిన పట్టు, దానికి అవిసెనూనె పట్టించి ఆరబెట్టేవారు. వేట అయ్యాక రీలు మీంచి మొత్తం విప్పి ఆరెయ్యకపోతే కుళ్ళిపోయేది. నా రీలు మీద ఉన్నది అలాగే పొడిపొడిగా రాలింది.

ఆ పసుపు తీగ గురించి చెప్తే నువ్వు నమ్మవు. పట్టుపురుగు గూడు కట్టబోయే ముందు దాన్ని వెనిగర్లో నానబెట్టి, కడుపులోని పట్టు తిత్తి తీసి, సాగదీసి ఒకే పోగుగా చేసేవారు. స్పెయిన్‌లో ముర్సియా ఈ పనికి పేరు పడ్డ చోటు. ఒక్కో పోగు మూరెడు ఉంటే గొప్ప, కాబట్టి ముడులేసి పొడుగు చేసేవారు. వాడే ముందు నీళ్ళలో నానబెట్టి తీరాలి. నేను తొందరపడి పొడిగా ఉన్నదాన్ని వంచాను, ఎండుపుల్లలా పుటుక్కున విరిగింది, రెండు రోజులు అన్నం సయించలేదు. 1938లో డ్యూపాంట్ కంపెనీ నైలాన్ ప్రకటించాక ఈ తీగ రోజులు పోయాయి, కాబట్టి పెట్టె పాతదనం దీంతోనే అర్థమవుతోంది. ఇంకో ఆనవాలు, రెండు ఫ్లైల కొక్కేలకి దారం దూర్చే కన్ను లేదు, తీగని నేరుగా కాడకే కట్టేశారు. కన్నున్న కొక్కేలు 19వ శతాబ్దం చివర్లో గానీ ఊపందుకోలేదు.

రీలు విషయంలో మాత్రం పొరపాటు జరిగింది. నేను ఆఫీసుకి వెళ్ళి వచ్చేసరికి అమ్మ దాన్ని చింతపండేసి తోమి, పూజ గదిలో చెంబులా తళతళలాడించి బల్ల మీద పెట్టింది. ఇత్తడి మీద ఏళ్ళ తరబడి కట్టిన ఆ నల్లటి ఛాయే పాత సామాను ఇష్టపడేవాళ్ళకి ప్రాణం, ఒకసారి పోతే మళ్ళీ రాదు. అమ్మని ఏమీ అనలేదు, ప్రేమతో చేసిందే కదా. నీ దగ్గరికి ఇలాంటిది వస్తే పొడిగుడ్డతో తుడిచి, కదిలే చోట ఒక్క చుక్క నూనె వెయ్యి, అంతే.

దబ్బనానికి మాత్రం మంచి రోజులొచ్చాయి. మన ఊరి కొమ్ముపని పెద్దాయన దగ్గరికి తీసుకెళ్తే, గేదె కొమ్ము ముక్కని వేడి చేసి మెత్తబరిచి, వేళ్ళ మధ్య ఇమిడేలా పిడి చేసిచ్చాడు. ఇంగ్లండు దబ్బనానికి పర్లాకిమిడి కొమ్ము పిడి! చేత్తో పట్టుకుంటే వదలబుద్ధి కావడం లేదు.

ఇప్పుడు అమ్మకం సంగతి. పేపర్లో ఉన్నవి అడవికోడి మెడ ఈకలు. మన మహేంద్రగిరి వైపు తిరిగే ఎర్ర అడవికోడివి కావు, దక్షిణాది బూడిదరంగు దానివి. ఈక కొసన మైనం బొట్టు పెట్టినట్టు లేత పసుపు చుక్క, గోరుతో తాకితే గట్టిగా తగులుతుంది. స్కాట్లాండులో సాల్మన్ చేపల ఫ్లైలకి వీటిని రెండు పక్కలా కళ్ళలా పెట్టేవారు. మన అడవుల్లోంచి ఎన్ని పక్షులు అలా ఓడలెక్కాయో తలుచుకుంటే కడుపు తరుక్కుపోతుంది. నువ్వన్నట్టు వీటికి కొనేవాళ్ళున్నారు, కానీ 1972 వన్యప్రాణి చట్టం వచ్చాక అడవి పక్షి ఈకల బేరం నేరం. చట్టం లేకపోయినా నేను అమ్మను. 2009లో ఇంగ్లండులోని ట్రింగ్ మ్యూజియంలో ఫ్లైల పిచ్చితో ఒక కుర్రాడు 299 పక్షి చర్మాలు దొంగిలించాడు, అందులో వాలెస్ అంతటి శాస్త్రవేత్త సేకరించినవీ ఉన్నాయి. ఆ దారిలో ఒక్క అడుగు కూడా నాకొద్దు. వచ్చే వారం ఫారెస్టు ఆఫీసుకి పట్టుకెళ్ళి, ఏం చెయ్యమంటే అది చేస్తాను. అన్నట్టు, పాత పక్షి చర్మాలకి పురుగు పట్టకుండా పాషాణం పూసేవారు, అందుకే వాటిని ముట్టుకున్నప్పుడల్లా సబ్బుతో చేతులు కడుక్కుంటున్నాను, పిల్లల్ని దగ్గరికి రానివ్వడం లేదు.

నాకు పెరటి కోడిపుంజు మెడ ఈక చాలు. సవరలు సంతకి తెచ్చే తేనెమైనంలో కాస్త గుగ్గిలం, రెండు చుక్కల ఆముదం కలిపి కాచాను, దారానికి పట్టిస్తే కొక్కెం మీద జారకుండా గట్టిగా నిలుస్తోంది. మొన్న పొద్దున్నే మహేంద్రతనయ ఏటి ఒడ్డున, కొత్త కొక్కేనికి ఎర్ర ఈక చుట్టి, వెదురు కర్రతో విసిరాను (పాత కొక్కెం తుప్పు తిని ఉంటుంది, వాటిని నీళ్ళలో పెట్టను). ఇరవై సార్లు చెట్టుకో బట్టకో తగులుకుంది. తర్వాత ఒక్క పరిగె పైకి లేచి దాన్ని నోట పట్టింది, వేలెడు కూడా లేదు. వదిలేశాను, కానీ చెయ్యి చాలాసేపు వణుకుతూనే ఉంది బావా.

ఇక్కడే నీతో పని. మిషను దారం లావు, నాలుగు చుట్లకే ముద్దయిపోతోంది. ఇంగ్లండులో పియర్సాల్ అనే కంపెనీ పట్టుతో కట్టేవారు, మాకు బరంపురం పట్టుండగా అదెందుకు? మీ వీధి వెనక దేవాంగుల మగ్గాల దగ్గర తెగిన పోగులు పక్కన పడేస్తారు కదా, నలుపు, పసుపు, ముదురు ఎరుపు, పేనకముందు సన్న పోగు, చేతికి పది చుట్లు వచ్చినా చాలు. ఊరికే అడక్కు, డబ్బులిచ్చి తీసుకో. చిక్కుపడకుండా అట్టముక్కకి చుట్టి తీసుకురా, పండక్కి వచ్చేటప్పుడు మర్చిపోకు, అత్తకి నమస్కారాలు చెప్పు.

నీ
బావ