షుగర్ పరీక్ష మార్కెట్ గేటు దగ్గర పెట్టండి

సంపాదకుడు గారికి నమస్కారం.

30 ఏళ్లు దాటిన ప్రతి ఒక్కరికీ బీపీ, షుగర్ పరీక్షలు చేయాలన్నది ప్రభుత్వ కార్యక్రమం. ఆశా కార్యకర్త మా వీధికి మూడుసార్లు వచ్చింది. ఆమె పుస్తకంలో మా అన్న పేరు ఎదురుగా మూడుసార్లూ ఒకటే మాట రాసి ఉంది: ‘ఇంట్లో లేరు’.

మా అన్న ఎనుమాముల మార్కెట్‌లో హమాలీ. మిర్చి సీజన్‌లో తెల్లవారకముందే పోయి చీకటి పడ్డాకే ఇల్లు చేరతాడు. పోయిన ఏడాది కాలి బొటనవేలికి మేకు గుచ్చుకుంది. నొప్పి లేదని పసుపు అద్ది, గుడ్డ చుట్టుకుని బస్తాలు మోశాడు. షుగర్ ముదిరితే పాదాలకు స్పర్శ పోతుందని, నొప్పి తెలియకపోవడమే ప్రమాదమని మాకెవరికీ తెలియదు. వేలు నల్లబడ్డాక ఆస్పత్రికి తీసుకువెళితే, తనకు షుగర్ ఉన్న సంగతి అక్కడే మొదటిసారి బయటపడింది. రెండు వేళ్లు తీసేశారు. ఇప్పుడు బస్తా భుజానికెత్తితే కాలు నిలవడం లేదు.

ఆశా కార్యకర్తను నేను ఒక్క మాట అనను. ఎండలో గడప గడపకూ తిరుగుతున్నది ఆమే. 2022లో ములుగు, రాజన్న సిరిసిల్ల జిల్లాల్లో ప్రజల ఆరోగ్య వివరాలు నమోదు చేసే హెల్త్ ప్రొఫైల్ కోసం సిబ్బంది ఇంటింటికీ వెళ్లినప్పుడు కూడా ఎంతో సంతోషించాను. కానీ హమాలీలు, అడ్డా కూలీలు, పత్తి ఏరే ఆడవాళ్లు పగటిపూట ఇంట్లో దొరకరు. పని మానుకుని దవాఖానాకు వెళితే ఆ రోజు కూలి పోతుంది.

అందుకే పరీక్షలు మార్కెట్ గేటు దగ్గర, తెల్లవారుజామున పెట్టండి. హమాలీలు అప్పటికి చాయ్ కూడా తాగరు, పరగడుపునే ఉంటారు. వేలి కొసన ఒక్క రక్తపు బొట్టు చాలు. పరగడుపు షుగర్ 126, అంతకు మించి వస్తే ల్యాబ్ పరీక్షకు పంపవచ్చు. బీపీ 140/90 దాటిందేమో కూడా అక్కడే చూడవచ్చు. నోటి క్యాన్సర్ పరీక్ష కూడా ఈ కార్యక్రమంలో ఉంది. తంబాకు నమిలేవాళ్లు మా దగ్గర చాలామంది, దాన్ని వదిలేయకండి. జబ్బు తేలినవాళ్లకు నెల నెలా మాత్రలు కూడా ఆ గేటు దగ్గరే అందాలి. లేకపోతే మొదటి చీటీ అయిపోగానే మందులు మానేస్తారు.

వచ్చే మిర్చి సీజన్ మొదలయ్యేలోపు జిల్లా వైద్య ఆరోగ్య శాఖ, మార్కెట్ కమిటీ కూర్చుని మాట్లాడుకుని, గేటు పక్కన ఒక గది కేటాయించాలని కోరుతున్నాను.

– ఒక హమాలీ తమ్ముడు, వరంగల్