ఇన్‌స్టాల్ నొక్కే ముందు ఇది చదువు

పర్లాకిమిడి,
ఆదివారం రాత్రి

ఒరేయ్,

కొత్త లాప్‌టాప్‌లో విండోస్ పక్కనే ఉబుంటు (లినక్స్ రకం ఆపరేటింగ్ సిస్టం) వేసుకుంటానన్నావుగా. ఫోన్లో చెబితే సగం మర్చిపోతావని రాస్తున్నాను. పక్కన పెట్టుకుని చెయ్.

ముందు నా గోడు విను. మూడేళ్ళ క్రితం ఒక షాపులో నా సిస్టం ఇచ్చాను. "సీ ఒక్కటే ఫార్మాట్ చెయ్యండి, డీ జోలికి వెళ్ళొద్దు" అని రెండుసార్లు చెప్పాను. వాళ్ళు పార్టిషన్లన్నీ (డిస్క్‌లో చేసుకున్న వాటాలు) తీసేసి డిస్క్ మొత్తం ఒకటే చేసి ఇచ్చారు. డీలో మా మామ్మ పాడిన పాటలున్నాయిరా. చెల్లెలి పిల్లలు బళ్ళో ఒడియా చదువుతారు, తెలుగు ఇంట్లో చెవిన పడాల్సిందే కదా. వాళ్ళ కోసమే రికార్డు చేశాను. మామ్మ ఇప్పుడు లేదు. తలుచుకుంటే కడుపు తరుక్కుపోతుంది.

అందుకే ముందు నీ ఫైళ్ళన్నీ బయటి హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేసి, నాలుగు తెరిచి చూసుకో. డీలో దాచుకున్నది బ్యాకప్ కాదు. సీ, డీ ఒకే డిస్క్ మీద వాటాలు, డిస్క్ పోతే రెండూ పోతాయి.

తర్వాత విండోస్‌లోనే డిస్క్‌కి తాళం వేసే బిట్‌లాకర్ ఉందేమో చూసి, ఉంటే ఆ తాళం తీసే రికవరీ కీ కాగితం మీద రాసుకో. ఫాస్ట్ స్టార్టప్ ఆపెయ్. అది ఉంటే విండోస్ పూర్తిగా షట్‌డౌన్ కాదు. డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచి సీ మీద, దాన్ని చిన్నది చేసే ష్రింక్ వాల్యూమ్ కొట్టు. నీ 512 జీబీ అక్కడ 476గా కనిపిస్తుంది, కంగారు పడకు. తయారీవాళ్ళు వెయ్యితో లెక్కేస్తారు, విండోస్ 1024తో వేస్తుంది. 120 జీబీ తగ్గించి, ఆ చోటు అలాగే ఖాళీగా వదిలెయ్.

ఉబుంటు ఇన్‌స్టాలర్‌లో డిస్క్ మొత్తం తుడిచేసే 'ఎరేజ్ డిస్క్' వైపు చెయ్యి పోనివ్వకు, మాన్యువల్ ఎంచుకో. ఖాళీ చోటులో 50 జీబీ రూట్‌కి (ఉబుంటు ఉండే చోటు), మిగతాది హోమ్‌కి (నీ ఫైళ్ళుండే చోటు), రెండూ ఈఎక్స్‌టీ4 (లినక్స్ ఫైల్ పద్ధతి). హోమ్ వేరుగా ఉంటే, రేపు ఉబుంటు మళ్ళీ వేయాల్సొచ్చినా రూట్ ఒక్కటే ఫార్మాట్ చేసుకోవచ్చు, నీ ఫైళ్ళు కదలవు. నేను ఇలాగే పెట్టుకున్నాను. ర్యామ్ చాలనప్పుడు వాడుకునే స్వాప్‌కి వేరే పార్టిషన్ అక్కర్లేదు, 17.04 నుంచి ఉబుంటు దాన్ని ఫైలుగానే పెట్టుకుంటోంది.

మొదట్లో ఫ్యాట్32 అనే ఫైల్ పద్ధతితో చిన్న ఈఎఫ్ఐ పార్టిషన్ ఒకటి కనిపిస్తుంది. పనికిరానిదనుకుని తీసెయ్యకు, ఫార్మాట్ చెయ్యకు. విండోస్ బూటయ్యేది అక్కడి నుంచే, ఉబుంటు కూడా దాన్నే వాడుకుంటుంది.

నాలుగు పార్టిషన్లు మించకూడదని ఎవరో చెప్పారన్నావు. అది ఎంబీఆర్ అనే పాత పార్టిషన్ పట్టిక లెక్క. కొత్త లాప్‌టాప్‌లలో జీపీటీ అనే కొత్త పట్టిక ఉంటుంది, మామూలుగా 128 దాకా పెట్టుకోవచ్చు.

ఛార్జర్ పెట్టి, బ్యాటరీ నిండాకే మొదలెట్టు. మీ రాయగడలో గాలివానకి కరెంటు పోయినా పని మధ్యలో ఆగకూడదు.

మార్పులన్నీ చూపించే ఆఖరి స్క్రీన్ వస్తుంది. అక్కడ ఆగి ఫోటో తీసి పంపు. ఎంత రాత్రైనా చూస్తాను. నేను సరే అన్నాకే నొక్కు.

అమ్మకి నమస్కారాలు చెప్పు.

నీ
పర్లాకిమిడి వాడు