సెలవుల ఆర్డర్లు: పాస్తా సలాడ్ ఈసారి రెండు డబ్బాల్లో

సెలవు రోజు అందరూ కలిసి తినే భోజనానికి వీగన్ (పాలు, గుడ్లు, తేనె లాంటివేవీ లేని) పాస్తా సలాడ్ చెప్పినవాళ్లకు ఈసారి రెండు డబ్బాలు వస్తాయి. పెద్దదాంట్లో పాస్తా, కూరగాయలు. చిన్నదాంట్లో కొంత డ్రెస్సింగ్, అంటే సలాడ్‌లో కలిపే నూనె, నిమ్మరసం మిశ్రమం. ‘కలిపేసే ఇవ్వొచ్చుగా?’ అని అడుగుతున్నారు. ఇవ్వొచ్చు. కానీ రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంటే పాస్తా ఆ తడినంతా పీల్చేసుకుని, తెల్లారేసరికి పొడిపొడిగా, చప్పగా తయారవుతుంది. అందుకే మూడింట రెండు వంతులు వేడి మీదే పట్టించి, మిగతాది విడిగా ఇస్తున్నాం.

వడ్డించే ముందు చిన్న డబ్బాను కాసేపు బయట పెట్టి, గట్టిగా కుదిపి పోసుకోండి. ఆలివ్ నూనె చలికి పేరుకుంటుంది. తెల్లటి పలుకులు కనిపించాయని పారబోయకండి, అవి కరిగిపోతాయి.

ఇంట్లోనే చేసుకుంటామనేవాళ్లకు కొలతలు ఇవి. మిగతా వంటకాలతో పాటు తినడానికైతే ఎనిమిది నుంచి పది మందికి 500 గ్రాముల ఎండు పాస్తా చాలు. మెలికలు తిరిగిన ఫుసిల్లీ మేలు, మెలికల్లో డ్రెస్సింగ్ నిలుస్తుంది. 5 లీటర్ల నీళ్లకు 50 గ్రాముల ఉప్పు వేసి, ప్యాకెట్ మీద రాసినదానికన్నా ఒకటి రెండు నిమిషాలు ఎక్కువ ఉడికించండి. చల్లారాక అందులోని పిండిపదార్థం బిగుసుకుంటుంది కాబట్టి, వేడిగా ఉన్నప్పుడు సరిగ్గా ఉడికిందనిపించేది ఫ్రిజ్‌లోంచి తీశాక గట్టిగా తగులుతుంది. వార్చాక నీళ్లు పూర్తిగా ఓడ్చి, వెడల్పాటి పళ్లెంలో పరిచి, ఆవిరి వస్తుండగానే మూడింట రెండు వంతుల డ్రెస్సింగ్ కలపండి.

డ్రెస్సింగ్‌కు 120 మిల్లీలీటర్ల నూనె, 60 మిల్లీలీటర్ల నిమ్మరసం, రెండు టీస్పూన్ల ఆవాల పేస్టు, టీస్పూన్ ఉప్పు, ఒక వెల్లుల్లి రెబ్బ, మిరియాల పొడి. రుచి చూస్తే కాస్త పులుపు ఎక్కువైందనిపించాలి. చల్లటి వంటకంలో రుచులు మందగిస్తాయి మరి.

సలాడ్ అడుగున నీళ్లు చేరుతున్నాయంటే అది కీరా, టొమాటోల పనే. కీరా ముక్కలకు ఉప్పు రాసి పదిహేను నిమిషాలాగి పిండేయండి, టొమాటోలో గింజల గుజ్జు తీసేయండి. పచ్చి ఉల్లి ముక్కలు పది నిమిషాలు చన్నీళ్లలో వేస్తే ఘాటు తగ్గుతుంది. క్యాప్సికం, ఉడికించిన శనగలు ముందురోజే కలపొచ్చు. ఆకుకూరలు మాత్రం చివర్లోనే, లేకపోతే నల్లబడతాయి.

క్రీమ్‌లా కావాలంటే నానబెట్టిన జీడిపప్పు రుబ్బి వేయొచ్చు, రుచికి తిరుగులేదు. అయినా పదిమంది తినేచోట మేం దాని జోలికి వెళ్లం. జీడిపప్పు పడనివాళ్లు ఎవరున్నారో ముందుగా తెలియదు, చూస్తే అందులో ఉందనీ తెలియదు.

కొనే సరుకుల్లో ఎండు పాస్తా సాధారణంగా గోధుమ రవ్వ, నీళ్లతోనే తయారవుతుంది. తాజా పాస్తాలో ఎక్కువగా గుడ్డు ఉంటుంది. సీసాలో దొరికే పెస్టోలో (బేసిల్ ఆకులతో చేసే సాస్) చీజ్, కొన్ని మస్టర్డ్ సాసుల్లో తేనె ఉంటాయి. లేబుల్ చదవకుండా వేయకండి.

మయొనీజ్ లేదు కాబట్టి పాడవదనుకోవడం పొరపాటు. ఉడికిన పాస్తాలోనే సూక్ష్మజీవులు పెరుగుతాయి. బల్ల మీద రెండు గంటలకు మించి ఉంచకండి, ఎండ 32 డిగ్రీలు దాటితే గంటే. ఫ్రిజ్‌లో పెట్టింది మూడు రోజుల్లోపు తినేయాలి.

ఇక గ్లూటెన్ (గోధుమలో ఉండే ప్రొటీన్) లేని పాస్తాతో చేసిమ్మంటున్నవాళ్లకు: ఆ ఆర్డర్లు తీసుకోవడం లేదు. బియ్యప్పిండి, మొక్కజొన్న పాస్తా ఫ్రిజ్‌లో గట్టిపడి, కలిపేటప్పుడు విరిగిపోతుంది. పైగా మా వంటగదిలో గోధుమ పాస్తా అవే గిన్నెల్లో ఉడుకుతుంది. గ్లూటెన్ లేనిదే తప్పనిసరైతే ఇంట్లో అదే రోజు ఉడికించి, ఫ్రిజ్‌లో పెట్టకుండా వడ్డించండి. డ్రెస్సింగ్ కొలత పైన చెప్పిందే.