జిప్ చేస్తే తగ్గనిదల్లా యాదృచ్ఛికం కాదు

సంపాదకులకు,

మీ విజ్ఞానం పేజీలో యాదృచ్ఛిక సంఖ్యల (ఏ క్రమమూ లేకుండా వచ్చేవాటి) వ్యాసం వాటిని గుర్తుపట్టడానికి రెండు పరీక్షలు చెప్పింది. అంకెలన్నీ సమానంగా వస్తున్నాయో లేదో చూడాలి, తర్వాత ఫైలును జిప్ చేయాలి, అంటే కంప్యూటర్‌తో కుదించి చూడాలి. సైజు తగ్గకపోతే అది యాదృచ్ఛికమేనట. రెండూ చాలవు.

మొదటిదానికి జవాబు 1933 నాటిది. ఇంగ్లండుకు చెందిన చాంపర్నౌన్ 0.123456789101112... అంటూ సంఖ్యలను వరసగా పేర్చాడు. పోనుపోను ఇందులో ప్రతి అంకె పదోవంతు, ప్రతి జంట నూరోవంతు వస్తాయి. కానీ తర్వాతి అంకె ఏదో లెక్కపెట్టడం వచ్చిన పిల్లాడెవడైనా చెప్పేస్తాడు.

ఇక జిప్. వృత్తం తాలూకు π (3.14159...) అంకెలు పది లక్షలు టెక్స్ట్ ఫైల్లో పెడితే పది లక్షల బైట్లు. అంకెకు 8 బిట్లు (0 లేదా 1) ఖర్చు, పది అంకెల్లో ఏదో ఒకటని చెప్పడానికి అవసరమైనవి సగటున 3.32. అందుకే జిప్ దాన్ని సగానికి కాస్త దిగువకు దించుతుంది. అది అంకెల గుణం కాదు, మనం దాచిన తీరు. (ఇక్కడే చాలామంది బోల్తా పడతారు.) అంకెకు దాదాపు ఆ 3.32 బిట్లే పట్టేలా బిగించి మళ్లీ జిప్ చేయండి, ఇక తగ్గదు. అయినా ఓ చిన్న ప్రోగ్రాం ఆ పది లక్షలనూ ముద్రించేస్తుంది! బిగించాక కూడా జిప్ బాగా తగ్గిస్తే క్రమం ఉన్నట్టే. తగ్గించకపోతే ఏదీ తేలనట్టే.

వరసను ముద్రించే అతి చిన్న ప్రోగ్రాం పొడవునే రష్యన్ గణితవేత్త కొల్మొగొరోవ్ 1965లో యాదృచ్ఛికతకు కొలతగా తీసుకున్నారు. అమెరికాలో సొలొమొనోఫ్, చైటిన్ విడివిడిగా అక్కడికే చేరారు. ఒకే పొడవున్న 0, 1ల వరసల్లో 10 బిట్లకు మించి కుదించగలిగేవి 1024కు ఒకటి కూడా ఉండవు, అంత చిన్న ప్రోగ్రాములు అన్ని లేవు గనక. కానీ ఏ వరస ఇచ్చినా దాని అతి చిన్న ప్రోగ్రాం పొడవును లెక్కగట్టి చెప్పే పద్ధతి లేదు, రాదు కూడా.

అనంత వరసల్లో మరో చిక్కు. మొదటి ముక్క ఎంత పొడవుదైనా కుదించలేనిదిగానే ఉండాలంటే అలాంటి వరస ఒక్కటీ దొరకదని స్వీడన్ గణితవేత్త మార్టిన్-లోఫ్ చూపారు. ఎందుకంటే ప్రోగ్రాం ఎక్కడ ముగుస్తుందన్నదే, అంటే దాని పొడవే, చాటుగా కొంత సమాచారం మోస్తుంది. ఏ ప్రోగ్రామూ మరోదానికి మొదటి ముక్క కాకూడదన్న నియమం పెట్టి లెవిన్, చైటిన్ 1970లలో దీన్ని సరిచేశారు.

వ్యాసంలో కలకత్తా ఊసే లేదు. కొల్మొగొరోవ్ 1962లో అక్కడి భారతీయ గణాంక సంస్థకు వచ్చారు. అల్గారిథంలతో (అంచెలంచెల లెక్క పద్ధతులతో) యాదృచ్ఛికతను నిర్వచించే ఆయన తొలి ప్రయత్నం, యాదృచ్ఛిక సంఖ్యల పట్టికల మీద రాసిన పత్రం, 1963లో ఆ సంస్థ పత్రిక 'సంఖ్య'లోనే అచ్చయింది.

— ఒక గణిత అధ్యాపకుడు