ఆడవారి వేళ్ల వాపులో గౌట్‌నూ అనుమానించాలి

సంపాదకులకు,

యూరిక్ యాసిడ్ పేరుకొని కీళ్లు వాచే గౌట్ జబ్బు గురించి మీ పత్రిక ఆరోగ్య పుటలో ఇటీవల వచ్చిన వ్యాసం చదివాను. కాలి బొటనవేలు రాత్రికి రాత్రే ఎర్రగా వాచిపోవడం, దుప్పటి తగిలినా ఓర్వలేనంత నొప్పి, మాంసం, బీరు తగ్గించుకోవలసిన అవసరం, ఇవన్నీ సరిగ్గానే రాశారు. అయితే అందులో కనిపించే రోగి మొదటి నుంచి చివరి దాకా నడివయసు మగవాడే. ఈ జబ్బు ఆడవారికి వేరే వయసులో, తరచూ వేరే కీళ్లలో, వేరే కారణాలతో వస్తుందనీ, ఆ తేడా తెలియకపోవడం వల్లనే మన పల్లెల్లో పెద్దవయసు స్త్రీలకు జబ్బు పేరైనా తెలియకుండా నొప్పి సూదులతోనే ఏళ్లు గడిచిపోతున్నాయనీ, హనుమకొండలో చాలాకాలం మందుల దుకాణం నడిపిన ఫార్మసిస్టుగా చెప్పదలిచాను.

రక్తంలో యూరిక్ యాసిడ్ డెసిలీటరుకు సుమారు 6.8 మిల్లీగ్రాములు దాటితే అది స్ఫటికాలుగా మారి కీళ్లలో పేరుకునే వీలుంది. ఈ లెక్క ఆడ, మగ ఇద్దరికీ ఒకటే. కానీ ముట్లు ఆగే వరకు ఈస్ట్రోజన్ హార్మోను వల్ల స్త్రీల మూత్రపిండాలు యూరిక్ యాసిడ్‌ను ఎక్కువగా బయటకు పంపుతాయి. అందుకే మగవారిలో నలభైల్లోనే మొదలయ్యే గౌట్ ఆడవారిలో ఎక్కువగా అరవై ప్రాంతంలో బయటపడుతుంది. ముట్లు ఆగితే తప్ప స్త్రీకి గౌట్ రాదని గ్రీకు వైద్యుడు హిపోక్రటీస్ దాదాపు 2,400 ఏళ్ల కిందటే అన్నాడు. అది పూర్తిగా నిజం కాదు. వయసులో ఉన్న స్త్రీకి గౌట్ వస్తే మూత్రపిండాల జబ్బు గానీ, వంశపారంపర్య దోషం గానీ ఉందేమో తప్పక చూడాలి. మొత్తం మీద రోగుల్లో మగవారే మూడు నాలుగు రెట్లు ఎక్కువన్న మాట వాస్తవమే గానీ, వయసు పైబడే కొద్దీ ఆ అంతరం తగ్గుతూ వస్తుంది.

ఇక్కడ మన ప్రాంతానికి ప్రత్యేకంగా సంబంధించిన సంగతి ఒకటుంది. ముప్పై అయిదు, నలభై ఏళ్లకే గర్భసంచి తీయించుకున్న స్త్రీలు మన ఊళ్లలో ఎంతమంది ఉన్నారో అందరికీ తెలుసు. దానితోపాటు అండాశయాలు కూడా తీసేస్తే ఈస్ట్రోజన్ ఒక్కసారిగా పడిపోతుంది. అమెరికాలో నర్సులపై సాగిన దీర్ఘకాల అధ్యయనంలో, ముట్లు 50-54 ఏళ్ల మధ్య ఆగిన వారికంటే 45 లోపే ఆగిన వారికి గౌట్ ముప్పు ఎక్కువని తేలింది. దీన్నిబట్టి చూస్తే, చిన్న వయసులో ఆ ఆపరేషన్ అయిన స్త్రీకి యాభైలోనే కీలు వాస్తే, ఇంకా గౌట్ వచ్చే వయసు కాదని పక్కన పెట్టకూడదని నా అభిప్రాయం.

అంతకంటే ముఖ్యమైనది మందుల పెట్టె. మగవారి గౌట్‌లో మద్యానికి ఎక్కువ పాత్ర ఉంటే, ఆడవారి గౌట్ ఎక్కువగా బీపీ, షుగరు, మూత్రపిండాల బలహీనతలను వెంటబెట్టుకొని వస్తుంది. బీపీకి వాడే క్లోర్‌థాలిడోన్, హైడ్రోక్లోరోథయజైడ్, కాళ్ల వాపులకు ఇచ్చే ఫ్యురోసెమైడ్ వంటి మూత్రం గోలీలు యూరిక్ యాసిడ్‌ను పెంచుతాయి. అవి మంచి మందులే, ప్రాణాలు కాపాడేవే, వాటిని ఎవరూ సొంతంగా మానేయకూడదు. కానీ గౌట్ ఉందని తెలిస్తే, వీలైన చోట వైద్యుడు వేరే మందుకు మార్చగలడు. బీపీ మందుల్లోనే లోసార్టాన్ యూరిక్ యాసిడ్‌ను కొంత తగ్గిస్తుంది కూడా.

నర్సంపేట వైపు నుంచి పత్తి ఏరే ఒక పెద్దమ్మ మా దుకాణానికి వచ్చేది. అరిగి గట్టిపడిన ఆమె వేళ్ల కణుపులపై తెల్లటి బుడిపెలు లేచాయి. ఊళ్లో చికిత్స చేసే వ్యక్తి ఒక బుడిపెను చీముగడ్డ అనుకొని కోశాడు. వారాల తరబడి యాంటీబయాటిక్స్ మింగినా పుండు మానలేదు. కట్టు విప్పి చూపిస్తూ ఆమె, "ఇది చీము కాదు బిడ్డా, సున్నం లెక్క వస్తున్నది" అన్నది. ఆమె మాటే సరైనది. ఆ తెల్లటి పదార్థం యూరిక్ యాసిడ్ స్ఫటికాల ముద్ద. అరుగుదలతో ముందే దెబ్బతిన్న వేళ్ల కీళ్లలో ఇలా పేరుకోవడం పెద్దవయసు స్త్రీలలో తరచూ కనిపించేదే. మగవారిలో మాదిరిగా బొటనవేలితోనే మొదలు కాకుండా, వేళ్లు, మణికట్టు, మోకాలు, చీలమండ, ఒక్కోసారి రెండు మూడు కీళ్లు కలిసి వాయడం వల్ల దీన్ని అరుగుదల అనో, వాతం అనో కొట్టిపారేస్తున్నారు. వరంగల్‌లో వైద్యుడు పరీక్ష చేయించి, మూత్రం గోలీ మార్చి, యూరిక్ యాసిడ్‌ను తగ్గించే అల్లోప్యూరినాల్ మొదలుపెట్టాకే ఆమె పుండు మానింది.

నొప్పి సూదుల విషయం చెప్పకుండా ఉండలేను. గౌట్ నొప్పి వారం, రెండు వారాల్లో దానంతటదే తగ్గుతుంది కాబట్టి, ప్రతిసారీ సూదే తగ్గించిందని నమ్మకం కుదురుతుంది. మూత్రపిండాలు బలహీనంగా ఉండి, మూత్రం గోలీలు కూడా వాడుతున్న స్త్రీకి పదే పదే డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు ఇస్తే ఆ మూత్రపిండాలే పాడవుతాయి. స్టెరాయిడ్ సూది షుగరును పెంచుతుంది. ఇక పప్పు, పాలకూర మానేయమని చెప్పే సలహా మరీ అన్యాయం. కూరగాయల్లోని ప్యూరిన్లకూ (ఒంట్లో యూరిక్ యాసిడ్‌గా మారే పదార్థాలకూ) గౌట్‌కూ సంబంధం కనిపించలేదని 2004లో వెలువడిన పెద్ద అధ్యయనం చెప్పింది. దసరాకో, ఎవరింటనో పెళ్లికో తప్ప మాంసం ముట్టని స్త్రీకి పప్పు కూడా మాన్పిస్తే ఆమె తినడానికి ఏం మిగులుతుంది?

పల్లె దవాఖానాల్లో నెలనెలా బీపీ, షుగరు గోలీలు తీసుకునే స్త్రీలను కీళ్ల వాపుల గురించి అడిగి, వాపున్న వారికి యూరిక్ యాసిడ్, మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్షలు చేయించాలని జిల్లా వైద్య ఆరోగ్య శాఖ అధికారులను కోరుతున్నాను. నొప్పి తీవ్రంగా ఉన్నప్పుడు యూరిక్ యాసిడ్ మామూలుగానే కనిపించవచ్చు గనుక, రెండు వారాల తర్వాత మళ్లీ చూడాలి. అనుమానం తీరకపోతే కీలులోని నీరు తీసి సూక్ష్మదర్శినిలో పరీక్షించే చోటికి పంపాలి. గౌట్ అని తేలిన వారికి అల్లోప్యూరినాల్ తక్కువ మోతాదుతో మొదలుపెట్టి, యూరిక్ యాసిడ్ 6కు దిగువకు వచ్చే వరకు వైద్యుని పర్యవేక్షణలో మెల్లగా పెంచుకుంటూ పోవాలి. మీ పత్రిక కూడా ఇదే పుటలో ఆడవారి గౌట్‌పై మరో వ్యాసం, వాచిన చేతివేళ్ల ఫొటోలతో సహా, ప్రచురించాలని మనవి చేస్తున్నాను.

ఇట్లు,
ఒక ఫార్మసిస్టు, హనుమకొండ