పాపతో గడిపే సమయం అడుగు: కొడుక్కి ఒక తల్లి ఉత్తరం

చిన్నా,

నీ విడాకుల కేసులో పాప ఎవరి దగ్గర ఉండాలన్న దాని మీద "ఆడపిల్ల, పైగా చిన్నది, తల్లికే ఇస్తారు, కోర్టు చుట్టూ తిరిగి ఏం లాభం" అని నీతో అంటున్నవాళ్ల మాటలో సగమే నిజం. 1956 నాటి హిందూ మైనారిటీ (అంటే మైనర్ పిల్లల), గార్డియన్‌షిప్ (సంరక్షణ) చట్టం 6వ సెక్షన్ ప్రకారం బిడ్డకు సహజ సంరక్షకుడు తండ్రి, ఆయన తరువాతే తల్లి. అయిదేళ్లు నిండని బిడ్డ మాత్రం మామూలుగా తల్లి దగ్గరే ఉండాలట. సంతకం నాన్నది, చాకిరీ అమ్మది! ఒక్క సెక్షన్‌తో ఇద్దరికీ అన్యాయం. తండ్రి బతికుండగా కూడా తల్లి సంరక్షకురాలు కావచ్చని 1999లో సుప్రీంకోర్టు చెప్పింది. ఇద్దరినీ సమానం చేయమని 2015లో, చట్టాల్లో మార్పులు సూచించే లా కమిషన్ 257వ నివేదిక సిఫార్సు చేసింది. సెక్షన్ మాత్రం మారలేదు.

అదే చట్టం 13వ సెక్షన్ బిడ్డ క్షేమమే అన్నిటికన్నా ముఖ్యమంటుంది. పాపకి నాలుగేళ్లే కాబట్టి, కస్టడీ, అంటే పాపను నీ దగ్గర ఉంచుకునే హక్కు, కావాలంటే తల్లి దగ్గర ఉండటం పాపకు మంచిది కాదని నువ్వే రుజువు చేయాలి. అలాంటిదేమీ లేదని నీకూ తెలుసు. అయిదు నిండగానే కస్టడీ దానంతటదే నీకు మారిపోదు. అందుకే ముందు పాపతో గడిపే సమయం అడుగు, ఇప్పుడే అడుగు. కేసు సాగేకొద్దీ పాప ఉన్నచోటికి అలవాటు పడుతుంది, ఆ అలవాటును కదపడానికి ఏ జడ్జీ తొందరపడరు.

విడాకుల కేసు నడుస్తోంది కాబట్టి హిందూ వివాహ చట్టం 26వ సెక్షన్ కింద అదే కోర్టులో మధ్యంతర పిటిషన్, అంటే అసలు కేసు తేలేలోపు ఉత్తర్వు ఇమ్మని అడిగేది, వెయ్యి. ఆ కేసే లేకపోతే 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద, పాప మామూలుగా నివసించే ఊరి కోర్టుకే వెళ్లాల్సి వచ్చేది. చాలామంది తామున్న ఊళ్లో వేసి నెలలు పోగొట్టుకుంటారు.

పిటిషన్‌లో "తగినంత సమయం" అని రాయించకు. ఆర్డరూ అలాగే వస్తే, పాపను పంపకపోయినా ఏది ఉల్లంఘనో చూపించలేవు. ఏ వారం, ఎన్నింటి నుంచి ఎన్నింటి వరకు, ఎక్కడ, ఎవరు తెచ్చి దింపాలి, వీడియో కాల్ ఎప్పుడు, దసరా, సంక్రాంతి, వేసవి సెలవుల్లో నీ వంతు ఎంత, అన్నీ విడిగా ఉండాలి. కోర్టు ఆవరణలో కలవమంటే కాదనకు, కొన్ని వాయిదాల తర్వాత బయట కలిసేలా మార్చమని అడగవచ్చు. కస్టడీ ఆర్డర్లు ఎప్పుడైనా మార్చదగ్గవే.

ఫీజు రసీదులు డబ్బు కట్టావని చెబుతాయి, అంతే. పాపను నువ్వు చూసుకున్నావని చూపడానికి టీకాల కార్డు, డాక్టరు చీటీలు, స్కూలు మీటింగులకు వెళ్లిన ఆధారాలు పెట్టు. పాపను పంపలేదని మెయింటెనెన్స్ (పోషణ ఖర్చు) ఆపకు, ఆ రెండూ వేరు. కలిసిన రోజున తిరిగి దింపకుండా ఉంచేసుకుంటే మొత్తం కేసే నీకు అడ్డం తిరుగుతుంది.

ఇంకో మాట. "ఆమె నైట్ షిఫ్టులు చేస్తుంది, బిడ్డను ఏం చూస్తుంది" అని లాయరు రాస్తే కొట్టేయించు. నువ్వు ఉద్యోగం చేస్తే బాధ్యత, తను చేస్తే నిర్లక్ష్యమా? మగవాడివని నిన్ను పక్కన పెట్టడం ఎంత తప్పో ఇదీ అంతే తప్పు.

డ్రాఫ్టు రాగానే, సంతకం పెట్టకముందే నాకు పంపు.

అమ్మ